చీమ కుట్టినట్టే ఉంటుందట

జుట్టు నాటించుకుందామని వెళ్లినవాళ్లు మొదట అడిగేది నొప్పి సంగతి కాదు. "ఎంతవుతాది?" అన్నది మొదటి ప్రశ్న. "చూసినోళ్లకు తెలిసిపోతాదా?" అన్నది రెండోది. నొప్పిది మూడో స్థానం. అదీ అడ్వాన్సు కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని, తలుపు దాకా వెళ్లాక వెనక్కి తిరిగి, అప్పుడే గుర్తొచ్చినట్టు అడుగుతారు. సీమలో మీసమున్న మనిషి కుర్చీలో కూర్చుని సూది గురించి ఆరా తీస్తే ఏం బాగుంటుంది! జవాబు సిద్ధంగానే ఉంటుంది: "ఏముండదన్నా, చీమ కుట్టినట్టుంటాది, అంతే." ఏ చీమన్నది మాత్రం చెప్పరు. చక్కెర డబ్బాలో తిరిగే నల్లచీమ వేరు, చింతచెట్టు కింద ఎర్రచీమ వేరు.

పోవడమంటే ఏమిటో కర్నూలుకు కొంత తెలుసు. 1953లో వచ్చిన రాజధాని 1956లో హైదరాబాదుకు తరలిపోయింది. అప్పట్నుంచీ, పోయినదాన్ని మళ్లీ మొలిపిస్తామని ఎవరన్నా ఆశగానూ అనుమానంగానూ వినడం ఈ ఊరికి అలవాటే. ఎన్.ఆర్.పేటలోనో గాయత్రీ ఎస్టేట్‌లోనో చర్మం డాక్టరుకు చూపించుకునేవాళ్లు కొందరు, నాలుగైదు గంటలు బస్సులో కూర్చుని హైదరాబాదు వెళ్లేవాళ్లు కొందరు. కడప, ప్రొద్దుటూరు వైపువాళ్లు బెంగళూరుకో చెన్నైకో తిరుపతికో పోతారు. ఎక్కడికి పోయినా వినిపించే మాట ఒకటే, నొప్పి ఉండదని. ఆ రోజు మొత్తమ్మీద ఓ ఇరవై నిమిషాల విషయంలో అది బాగా తగ్గించి చెప్పిన మాట. మిగతా ఆరేడు గంటలకు నిజమే. అయితే ఆ నిజం ఊరికే రాదు, దాన్ని ఒక మందు తయారుచేస్తుంది. ఆ మందు ఎంత ఇస్తున్నారు, ఎవరు ఇస్తున్నారు అన్నది నొప్పి కన్నా ముందు అడగవలసిన ప్రశ్న. జాబితాలో మూడో స్థానం కాదు కదా, అసలు చోటే దక్కనిది అదొక్కటే.

ముందు ఆ ఇరవై నిమిషాల సంగతి.

తిరుమల కల్యాణకట్టలో గుండు చేయించుకుని వచ్చినవాణ్ణి నొప్పి పెట్టిందా అంటే నవ్వుతాడు. అక్కడ కత్తికి అందేది వెంట్రుక పైభాగం. అది కెరటిన్ పోగు. అందులో ప్రాణం లేదు, నరం లేదు. ఉన్నదంతా చర్మం కింద నాలుగైదు మిల్లీమీటర్ల లోతున, కుదురులో. ఒక్కో కుదురు చుట్టూ నరాల కొసలు అల్లుకుని ఉంటాయి. ఫ్యాను గాలికి నాలుగు వెంట్రుకలు కదిలినా మనకు తెలిసేది వాటివల్లే. కుదురు మన దగ్గరే ఉండిపోతుంది కాబట్టి స్వామికిచ్చిన జుట్టు మళ్లీ మొలుస్తుంది. (ఇచ్చిన జుట్టును టీటీడీ వేలం వేస్తుంది. జుట్టు విలువ పోగొట్టుకున్నవాడికే కాదు, దేవస్థానానికీ తెలుసు.) నాటే పనిలో బయటికి తియ్యాల్సింది ఆ కుదురునే, నరాలు అల్లుకున్న చోటునుంచే. నెత్తికి నరాలు రెండు వైపులనుంచి వస్తాయి. నుదుటి వైపువి కనుబొమల మీదుగా పైకి పాకుతాయి, వెనకవి మెడ పైభాగంనుంచి ఎక్కుతాయి. మత్తు ఇచ్చేవాళ్లు పట్టుకునేది ఈ రెండు దారులనే.

నాట్ల సంగతి కె.సి. కెనాల్ కింద వరి వేసేవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. తల వెనక, రెండు చెవుల మధ్య ఉన్న జుట్టు నారుమడి. మగవాళ్ల బట్టతలకు కారణమైన హార్మోను దాని జోలికి పెద్దగా రాదు. దాన్ని పీకి ముందుభాగంలో నాటితే, కొత్త చోటులో కూడా పాత గుణంతోనే పెరుగుతుంది. న్యూయార్కు చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1952లో ఈ పని మొదలుపెట్టి 1959లో ప్రచురించాడు. అంతకుముందే, 1939లో, జపాన్‌లో ఒకుడా అనే డాక్టరు ఇలాంటిదే చేసి రాశాడు కానీ, యుద్ధం రోజుల్లో జపాన్ భాషలో జుట్టు గురించి రాసినదాన్ని చదివే తీరిక ప్రపంచానికి లేకపోయింది. ఓరెంట్రైక్ వాడిన గుండ్రటి కత్తి వెడల్పు 4 మిల్లీమీటర్లు. మొలిచిన జుట్టు బొమ్మల తలమీద కుచ్చుల్లాగా ఉండేది. కుదుళ్లను ఒక్కొక్కటిగా తీసే ఇప్పటి ఎఫ్.యు.ఇ. పద్ధతిలో వాడేది 0.8 నుంచి 1 మిల్లీమీటరు. ఎఫ్.యు.టి. అనే ఇంకో పద్ధతిలో వెనకనుంచి చర్మాన్ని పట్టీలాగా కోసి, కుట్లు వేసి, ఆ పట్టీలోంచి కుదుళ్లను విడదీస్తారు. ఆపరేషన్ జరిగేటప్పుడు రెండూ ఒకటే, ఏదీ తెలియదు. తేడా ఆ రాత్రి తెలుస్తుంది.

పని మామూలుగా పొద్దున్నే మొదలవుతుంది. వెనక జుట్టు పొట్టిగా గొరిగి, బెటాడిన్ పూసి, బోర్లా పడుకోబెడతారు. మొహం నడిమధ్య బొక్క ఉన్న దిండులో ఇరుక్కుని ఉంటుంది. కనిపించేవి కింద టైల్సు, వచ్చిపోయే నర్సుల చెప్పులు. "రొంత చురుక్కుమంటాది సార్" అన్న మాట చెవిన పడేసరికే మొదటి సూది దిగి ఉంటుంది. చక్కెర జబ్బువాళ్లు ఇన్సులిన్ వేసుకునేంత సన్న సూది, 30 గేజి. గుచ్చుకోవడం పెద్ద లెక్క కాదు. గుచ్చుకున్నాక మందు లోపలికి జొరబడేటప్పుడు పుడుతుంది మంట. చెవి వెనకనుంచి ఇంకో చెవి వెనకదాకా, పక్కపక్కనే, పోటు మీద పోటు. మొదటి నాలుగైదింటికి కాలివేళ్లు ముడుచుకుంటాయి, పిడికిళ్లు బిగుస్తాయి, ఎన్నడూ గుడికి పోనివాడికి కూడా ఇంటిదేవుడు గుర్తొస్తాడు. చెయ్యి తిరిగినవాళ్లు రెండో సూదిని అప్పటికే మొద్దుబారిన అంచులోంచి వేస్తారు. అందువల్ల వరస సాగేకొద్దీ మంట తగ్గుతూ వస్తుంది. అయిదు పది నిమిషాల్లో వెనకభాగం మనది కాదన్నట్టు అయిపోతుంది.

మంట ఎందుకో తెలిస్తే దాన్ని తగ్గించడం ఎలాగో కూడా తెలుస్తుంది. మందు పేరు లిగ్నోకైన్. స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేశాడు. 1948లో జైలోకైన్ పేరుతో బజారుకొచ్చింది. పన్ను పీకించుకున్న ప్రతివాళ్లకూ పరిచయమున్న మందే. సీసాలో నిలవ ఉండాలని దీన్ని ఆమ్లగుణంతో తయారుచేస్తారు. నెత్తికి వాడేదాంట్లో అడ్రినలిన్ కూడా కలుస్తుంది కాబట్టి పులుపు ఇంకాస్త ఎక్కువ. మన ఒంట్లో ద్రవాల పి.హెచ్. 7.4 దగ్గరుంటే, ఈ మందుది నాలుగుకు అటూ ఇటూ. అంటే నొప్పి తెలియకుండా చేసే మందు, పని మొదలుపెట్టేలోపు తానే ఓ నొప్పి పెడుతుంది. మన ఆఫీసుల్లో చాలా పనులు ఈ పద్ధతిలోనే జరుగుతాయి గనక మనకు ఆశ్చర్యం ఉండకూడదు.

దీనికి విరుగుడు ఎప్పట్నుంచో ఉంది. పది మిల్లీలీటర్ల మందుకు ఒక మిల్లీలీటరు సోడియం బైకార్బనేటు ద్రావణం కలిపితే పులుపు విరిగి మంట బాగా తగ్గుతుంది. అది ప్రతి ఆసుపత్రిలోనూ ఉండే చవక మందు. లిగ్నోకైన్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేయకుండా ఒంటివేడికి తెచ్చి వేస్తే ఇంకొంత తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మెల్లగా ఎక్కించడం. సిరంజిని ఒత్తే బొటనవేలు తొందరపడితే చర్మం లోపల ఒత్తిడి పెరిగి మంట రెట్టింపవుతుంది. కొందరు డాక్టర్లు సూది వేసే చోటు పక్కనే చిన్న వైబ్రేటరు ఆనించి ఉంచుతారు. దెబ్బ తగిలినచోట చేత్తో రుద్దుకుంటే హాయిగా ఉండటానికీ దీనికీ కారణం ఒకటే. తాకిడి కబురు, నొప్పి కబురు రెండూ వెన్నుపాము దగ్గర ఒకే గేటులోంచి పోవాలి. తాకిడి ఎక్కువైతే నొప్పికి దారి ఇరుకవుతుంది. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో చెప్పిన సిద్ధాంతం ఇది. మన అమ్మమ్మలు దీన్ని ప్రచురించలేదు, అంతే.

"సూది లేని మత్తు" అని ఒకటి ఈమధ్య వినిపిస్తోంది. సన్నటి ధారగా మందును ఒత్తిడితో చర్మంలోకి కొట్టే పరికరం. మొదటి చురుకును అది తగ్గిస్తుంది, నిజమే. కానీ ఆ మందు పైపైనే ఉండిపోతుంది. లోతున మొద్దుబారాలంటే దాని వెనకే సూదీ వస్తుంది. సూది లేదని చెప్పి సూది వేయడమేమిటని అడిగేసరికి ఆ చోటు మొద్దుబారి ఉంటుంది, మనిషికి పట్టింపు ఉండదు.

ఇక ఎవరూ ముందుగా చెప్పనిది, మధ్యాహ్నం రెండోసారి సూదులుంటాయని. పొద్దున వెనకవైపు తీయడం అయ్యాక, భోజనం పెట్టి, ఈసారి వెల్లకిలా పడుకోబెట్టి నుదుటిమీద మొదలుపెడతారు. నుదురు వెనకభాగం కన్నా సున్నితం. కనుబొమల పైన నరాలు బయటికొచ్చే చోట ముందు మందు వేసి, కాసేపు ఆగి, ఆ తర్వాత జుట్టు మొదలయ్యే గీత పొడవునా వేస్తే కొంత నయం. అయినా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అప్పటికే అన్నం తిని, గండం గడిచిందనుకుని, ఇంటికి ఫోన్ చేసి "ఏం లేదు, ఉత్తదే" అని చెప్పేసిన మనిషికి ఇది కొంచెం అన్యాయమే.

మొద్దుబారాక నొప్పి పోతుంది కానీ తాకిడి పూర్తిగా పోదు. నొప్పిని మోసే సన్న నరాలు మందుకు తొందరగా లొంగుతాయి, ఒత్తిడిని మోసే లావు నరాలు ఆలస్యంగా. అందుకని లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. దానికి తోడు చప్పుడు. కత్తి చర్మంలోకి దిగే కరకర శబ్దం పుర్రె ఎముకలోంచి నేరుగా చెవికి చేరుతుంది. నొప్పి లేకుండా ఆ చప్పుడొక్కటే వినడం కొందరికి నొప్పి కన్నా కష్టం. పాటలు పెట్టమని అడగండి, పెడతారు. మీకు నచ్చినవే పెడతారన్న హామీ లేదు.

రెండు మూడు వేల గ్రాఫ్టులంటే, అంటే తీసి నాటే కుదుళ్లంటే, ఆరు నుంచి ఎనిమిది గంటల పని. ఇందులో అసలు బాధ నెత్తిది కాదు, మెడది, నడుముది, మూత్రాశయానిది. గంటల తరబడి బోర్లా పడుకుంటే రొమ్ము ఒత్తుకుంటుంది, భుజాలు పట్టేస్తాయి. లేస్తానని అడగడానికి మొహమాటపడేవాళ్లే ఎక్కువ. అడ్రినలిన్ వల్ల సూదులు వేసిన కాసేపటికి గుండె దడదడలాడటం, చేతులు వణకడం మామూలు. రక్తం తక్కువ పోవాలని, మందు ఎక్కువసేపు నిలవాలని కలుపుతారు. దడ నిమిషాల్లో తగ్గుతుంది. రక్తపోటుకో, పార్శ్వపు తలనొప్పికో ప్రొప్రనలాల్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లకు మాత్రం అడ్రినలిన్‌తో రక్తపోటు ఒక్కసారిగా ఎగిరే ప్రమాదం ఉంది. వేసుకునే మాత్రలన్నిటి పేర్లూ ముందే చెప్పాలన్నది మర్యాద కోసం పెట్టిన నియమం కాదు.

మత్తు రెండు మూడు గంటల తర్వాత వదలడం మొదలవుతుంది. మొదట జివ్వుమంటుంది, తర్వాత చురుకు. అప్పుడు నోరు తెరిచి చెప్పాలి. ఇక్కడే మనవాళ్ల పౌరుషం అడ్డం పడుతుంది. "ఫర్వాలేదు, కానీండి" అని పళ్లు బిగబడతారు. దానివల్ల ఎవరికీ లాభం లేదు. నొప్పికి రక్తపోటు పెరుగుతుంది, పెరిగితే నాటిన రంధ్రాల్లోంచి రక్తం ఊరుతుంది, ఊరితే పెట్టిన గ్రాఫ్టులు పైకి తేలతాయి. ఓర్చుకున్నందుకు ఫలితం నాలుగు వెంట్రుకలు తక్కువ.

ఇంటికొచ్చాక జరిగేది క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఎఫ్.యు.ఇ. అయితే ఆ రాత్రి వెనకవైపు ఎండకు కమిలినట్టు మంట, పారాసెటమాల్‌తో తగ్గేదే. ఎఫ్.యు.టి. అయితే కుట్ల దగ్గర బిగుతు, తల వంచినప్పుడల్లా లాగుడు, కుట్లు తీసేదాకా రెండు వారాలు ఉంటుంది. వెనక ఆనించకూడదు, ముందు తగలకూడదు కాబట్టి కొన్ని రాత్రులు సగం కూర్చుని పడుకోవాలి. ఎండాకాలంలో కర్నూల్లో మిద్దెమీద పడుకునేవాళ్లకు చెమట, దుమ్ము, దోమ మూడూ ఒకేసారి ఆ తలమీదికొస్తాయి. గోకడానికి వీల్లేదు. హైదరాబాదులో చేయించుకుని అదే రాత్రి బస్సెక్కినవాళ్లను చూస్తే జాలి. సీటు వెనక దిండు సరిగ్గా నారుమడి దగ్గరే తగులుతుంది. జాతీయ రహదారి 44 బాగుంటుంది గానీ, రోడ్డు దిగాక వచ్చే స్పీడ్‌బ్రేకర్ల లెక్క ఎవరు చెప్పగలరు?

మూడో రోజో నాలుగో రోజో నుదురు వాస్తుంది. నెత్తిలోకి ఎక్కించిన ద్రవం కిందికి దిగుతూ కనుబొమల దగ్గర, కళ్లకింద చేరుతుంది. నొప్పి ఉండదు, రూపం ఉంటుంది. అద్దంలో చూసుకుని హడలిపోయి ఫోన్ చేస్తే అటువైపు తాపీగా "మామూలే సార్" అంటారు. ఇదొక్కటీ నిజంగానే మామూలు, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. వాపుతోపాటు జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి, చీము, నల్లబడే చర్మం కనిపిస్తే అది మామూలు కాదు, ఫోన్‌తో తేల్చుకునేదీ కాదు. ఆపైన వారం పది రోజులు పొక్కులు, దురద. వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి నెత్తిమీద తిమ్మిరి. దువ్వెన పెడితే వేరేవాళ్ల తల దువ్వుతున్నట్టుంటుంది. నాటిన జుట్టు రెండో వారంనుంచి రాలిపోవడం మొదలై, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తుంది. పూర్తి రూపం రావడానికి ఏడాది. ఆ రాలిపోయే నెలలో కలిగే బాధకు చీటీలో మాత్ర రాయరు.

ఇవన్నీ భరించదగినవే. చీమ మాట చెప్పినవాళ్లను ఇంతవరకూ క్షమించవచ్చు. నొప్పి లేకపోవడానికి వాడిన సరుకు లెక్క దగ్గరకొచ్చేసరికి క్షమించడం కష్టం.

లిగ్నోకైన్‌కు గరిష్ఠ కొలత ఉంది. ఉత్తదైతే మనిషి బరువులో కిలోకు 4.5 మిల్లీగ్రాములు, అడ్రినలిన్ కలిపినదైతే 7 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి 420 మిల్లీగ్రాములన్నమాట. 2 శాతం మందులో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములుంటాయి. 420ని 20తో భాగిస్తే 21 మిల్లీలీటర్లు. మామూలుగా దొరికే సీసా 30 మిల్లీలీటర్లది. అంటే ఒక్క సీసా మొత్తం ఒకేసారి ఎక్కిస్తే అరవై కిలోల మనిషికి హద్దు దాటినట్టే. అందుకే జాగ్రత్త తెలిసినవాళ్లు మందును సెలైన్‌తో పలచన చేసి, విడతలు విడతలుగా, గంట రాసుకుంటూ ఇస్తారు. పొద్దున వెనకవైపు ఎంత, మధ్యాహ్నం ముందువైపు ఎంత, "జివ్వుమంటోంది" అన్నప్పుడల్లా పైన ఎంత కలిపారు, అంతా ఒకే కాగితం మీద ఉండాలి. నెత్తిలో రక్తనాళాలు దండిగా ఉంటాయి కాబట్టి మందు రక్తంలోకి తొందరగా చేరుతుంది. ఒక్కరోజులో అయిదారు వేల గ్రాఫ్టులు వేస్తామనే ప్రకటన చూస్తే నాకు ముందుగా గుర్తొచ్చేది జుట్టు కాదు, ఈ కాగితం.

మోతాదు మించితే శరీరం మొదట చిన్న చిన్న గుర్తులతో చెబుతుంది. నోటి చుట్టూ తిమ్మిరి, నాలుకమీద ఇనుము నాకినట్టు రుచి, చెవుల్లో హోరు, మాట తడబడటం. అక్కడ ఆపకపోతే ఫిట్స్, ఆ తర్వాత గుండె లయ తప్పడం. దీనికి విరుగుడు 20 శాతం లిపిడ్ ఎమల్షన్, తెల్లటి కొవ్వు ద్రావణం, నరంలోకి ఎక్కిస్తారు. అది గదిలో ఉండాలి, ఎక్కించడం తెలిసిన మనిషీ ఉండాలి. నాలుకమీద ఇనుపరుచి వచ్చిందని చెప్పవలసింది మాత్రం రోగే. భయం తగ్గాలని నిద్రమాత్ర గట్టిగా ఇచ్చి పడుకోబెట్టిన మనిషి ఆ మాట చెప్పలేడు. హాయిగా నిద్రపోతూ చేయించుకోవచ్చన్న హామీలో ఉన్న చిక్కు ఇది. నిద్రపుచ్చితే, ఆ నిద్రను కనిపెట్టుకుని ఉండటమే పనిగా ఇంకో డాక్టరు కావాలి.

ఈ సంగతి మన దగ్గర కొత్తదేం కాదు. కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, తుంగభద్ర అవతలి ఒడ్డు నిజాం రాజ్యం. అక్కడ హైదరాబాదులో, మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకసారి, 1889లో మరోసారి క్లోరోఫారం కమిషన్లు నడిపించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించాడు. రెండోదానికి లండన్‌నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టరు వచ్చాడు. మత్తు ఇచ్చే పనిలో పేరు తెచ్చుకున్న తొలి మహిళల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్జీ ఆ రోజుల్లో అక్కడివారే. క్లోరోఫారం గుండెను నేరుగా ఆపదు, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, భయం లేదు అని కమిషన్ తేల్చింది. ఊపిరిని కనిపెట్టమన్నది మంచి మాట. భయం లేదన్నది తప్పని 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు నిరూపించాడు; క్లోరోఫారం గుండె లయను చెడగొట్టి ఒక్కసారిగా ఆపగలదు. నిజాం డబ్బు, లండన్ డాక్టరు, వందల జంతువుల మీద ప్రయోగాలు, అన్నీ కలిసి కూడా "భయం లేదు" అన్న ఒక్క మాటను నిలబెట్టలేకపోయాయి. కౌన్సెలింగ్ గదిలో అదే మాటను రెండు నిమిషాల్లో చెప్పేస్తున్నారు.

ఈ కాలంలో జరిగినవీ ఉన్నాయి. 2016 మేలో చెన్నైలో మద్రాసు మెడికల్ కాలేజీ విద్యార్థి ఒకడు, ఇరవై రెండేళ్లవాడు, జుట్టు నాటించుకోవడానికి వెళ్లి, మత్తు ఇచ్చాక పరిస్థితి విషమించి, వేలూరు సీఎంసీలో చనిపోయాడు. వైద్యం చదువుతున్న పిల్లవాడికే అలా జరిగింది. ఢిల్లీలో ఒక సెలూన్‌లో నాటించుకున్న ముప్ఫై అయిదేళ్ల మనిషి చనిపోతే వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. శిక్షణ పొందిన రిజిస్టర్డ్ డాక్టర్లే ఈ పని చేయాలనీ, వర్క్‌షాపుల్లోనో యూట్యూబులోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదనీ అందులో ఉంది. యూట్యూబు పేరును ఒక ప్రభుత్వ సంస్థ కాగితం మీద పెట్టవలసి వచ్చిందంటే, బయట పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోవచ్చు. ఆ తర్వాత కూడా, 2025లో, కాన్పూరులో జుట్టు నాటించుకున్న ఇంజినీర్లు చనిపోయారని కుటుంబాలు ఫిర్యాదు చేస్తే, పోలీసులు ఒక దంతవైద్యురాలిమీద కేసు పెట్టారు.

ఇవి అరుదు. లెక్కలేనంతమంది క్షేమంగా చేయించుకుని, క్షేమంగా దువ్వుకుంటున్నారు. అరుదుగా ఉండటానికి కారణం కూడా జాగ్రత్తగా రాసే ఆ కాగితమే.

అందుకని చీమ సంగతి వదిలేసి, రసీదు జేబులో పెట్టుకోకముందే నాలుగు మాటలు అడగొచ్చు. నా బరువు ఎప్పుడు చూస్తారు? మందు ఎంత ఇస్తారు, ఆ లెక్క ఎవరు రాస్తారు? సూదులు వేసేటప్పుడు, కత్తి పట్టేటప్పుడు డాక్టరు గదిలో ఉంటారా, లేక సంతకానికి వచ్చిపోతారా? బైకార్బనేటు కలుపుతారా? లిపిడ్ ఎమల్షన్, ఆక్సిజన్ ఎక్కడున్నాయో చూపిస్తారా? నెత్తి జుట్టుకు బరువుతో పనేమిటని ఎదుటివాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. కౌన్సెలర్‌కు తెలియకపోతే అది ఆ అమ్మాయి తప్పు కాదు, ఆమెకు నేర్పింది ప్యాకేజీ ధరలు. డాక్టరును పిలవమనండి. డాక్టరుగారు ఈ ఊళ్లో ఉండరు, ఆపరేషన్ రోజు పొద్దున బండి దిగుతారు, సాయంత్రం బండికి వెళ్లిపోతారు అంటే, మూడో రోజు మొహం వాచినప్పుడు ఎవరికి చూపించాలో కూడా అడగండి. ఆ ప్రశ్నకు "ఏముండదన్నా" అన్న జవాబు వస్తే, అడ్వాన్సు ఇంకా మన జేబులోనే ఉంది, బయటికి దారి కూడా అదే తలుపు.